సరళవృక్షములను పీడించు బారుపురుగు

పైరునకు పురుగు పట్టినదని తెలిసిన వెంటనే మందుల యంగడికి పరుగెత్తుట మనలో పలువురకు అలవాటు. ఆ పురుగు ఎక్కడ పుట్టినది, ఎన్నాళ్లు తినును, ఎక్కడ నిద్రించును, ఏ దశయందు దానికి బలము తక్కువ అను సంగతులను విచారించువారు కొలదిమంది. ఈ సంగతులు తెలియక చేసిన ఖర్చులో చాలభాగము వ్యర్థమగుచున్నది. కావున ఈ సంచికలో మేమొక పురుగు జీవితమును మొదటినుండి తుదివఱకు సభ్యులకు వివరింపదలచితిమి.

ఇది మన పొలములలోని పురుగు కాదు. మధ్యధరా సముద్రమునకు చుట్టునున్న దేశములలో సరళవృక్షపు అడవులను పీడించు పురుగు. ఐనను దీని చరిత్రయందు మన రైతులకు పనికివచ్చు పాఠము కలదు. అనంతపురము మొదలగు మెట్టప్రాంతములలో తొలకరి వేరుసెనగను నాశనముచేయు ఎఱ్ఱగొంగళిపురుగునకును దీనికిని నడవడిలో పోలిక యున్నది. ఈ రెండింటిని ఏ యొక్క రైతును తన గట్టులోపలనే నిలిచి జయింపజాలడు. ఊరంతయు కలిసి తగిన సమయమున పనిచేసినయెడల రెండును లొంగును. ఈ మాటను నిదర్శనపూర్వకముగా చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

చెట్టును గూర్చి

సరళవృక్షమును ఇంగ్లీషువారు పైను అందురు. మన సముద్రతీరమున పెంచు సరుగుడు చెట్టును చూచినవారికి దీని రూపము కొంతవఱకు ఊహకు వచ్చును. సరుగుడునకువలెనే దీనికిని వెడల్పాటి ఆకులు కానరావు. పచ్చని సూదులవంటి ఆకులు గుత్తులుగా నుండును. ఐతే ఈ రెండు చెట్లును వేఱువేఱు కుటుంబములకు చెందినవి. సరళవృక్షపు సూదియాకు ఒక్క యేటితో రాలిపోదు. రెండు మూడేండ్లు కొమ్మను అంటియుండి చెట్టునకు ఆహారమును సిద్ధపఱచును. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. పురుగు చేయు నష్టమును కొలుచుటకు ఇదియే ఆధారము.

మన దేశమున హిమాలయపు కొండలలో ఈ జాతి చెట్లు విస్తారముగా కలవు. వీని కలప పెట్టెలకును, ఇండ్ల పనికిని, కాగితపు పరిశ్రమకును ఉపయోగించును. మ్రానునకు గాటుపెట్టగా కారు జిగురునుండి టర్పెంటైను నూనెయు రోజనమును తీయుదురు.

ఫ్రాన్సు దేశమున నైరృతిమూల లాండ్ అను ఇసుకభూముల ప్రాంతము కలదు. పూర్వమది నీరు నిలిచి, గొఱ్ఱెల మేతకుమాత్రమే పనికివచ్చు బీడుగా నుండెను. 1857 సం.రమున ప్రభుత్వము ఒక చట్టము చేసి, ఆ భూములలో నీటిని కాలువలద్వారా తీసివేయించి సరళవృక్షములను నాటించెను. నేడచ్చట సుమారు 10 లక్షల హెక్టార్ల అడవి యున్నది. అందులో అధికభాగము ప్రభుత్వముది కాదు. చిన్నవారును పెద్దవారునగు అనేకమంది యజమానులది. చెట్టుమాత్రము చాలవఱకు ఒకే జాతిది. కోసులకొలది భూమిలో ఒకే చెట్టును నాటుట మనుష్యునకు లాభము కావచ్చును. ఆ చెట్టును తిని బ్రదుకు పురుగునకుకూడ అంతకుమించిన విందు లేదు. మన ప్రాంతమున ఊరి పొలమంతయు వేరుసెనగయే విత్తినప్పుడు జరుగునదియు నిదియే.

పురుగు జీవచరిత్ర

ఈ పురుగునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు థౌమెటోపియా పిటియోకాంపా. పిటియోకాంపా యనగా గ్రీకుభాషలో సరళవృక్షపు గొంగళి యని యర్థము. 1775 సం.రమున వియన్నా నగరమందలి ఇరువురు పండితులు దీనికి శాస్త్రీయమగు నామము నొసగిరి. దీని అపఖ్యాతి అంతకంటె మిక్కిలి పురాతనమైనది. 533 సం.రమున ప్రకటింపబడిన రోమను ధర్మశాస్త్ర సంగ్రహమునందు ఈ గొంగళి విషద్రవ్యముల వరుసలో పేర్కొనబడినది. ఇది నేలపై ఒకదాని తోకకు ఒకటి తల తాకించి బారులు తీరి నడచును గనుక ఫ్రెంచివారు దీనిని ఊరేగింపు గొంగళి యందురు. మేము దీనిని బారుపురుగు అని వ్యవహరింతుము.

దీని తల్లి చిమ్మటజాతికి చెందిన రెక్కలపురుగు. ముందురెక్కలు బూడిదరంగున నుండి వానిపై ముదురుచారలు కనుపించును, వెనుకరెక్కలు తెల్లనివి. రెక్కలు చాచినప్పుడు దీని వెడల్పు సుమారు ఒకటిన్నర అంగుళము. ప్రదేశముయొక్క శీతోష్ణములనుబట్టి జూన్ మొదలు సెప్టెంబరువఱకు ఏదో యొక సాయంకాలమున ఇది నేలలోనుండి వెలువడును. మన్నును చీల్చుకొని పైకి వచ్చుటకై దీని నొసటిపై రంపపుపండ్లవంటి గట్టి శిఖ యొకటి యుండును. ఈ రెక్కలపురుగు ఏమియు తినదు. కొద్దిదినములలోనే జతకూడి, గ్రుడ్లుపెట్టి చనిపోవును.

తల్లి తన గ్రుడ్లను ఒక జత సూదియాకుల చుట్టును ఒరవలె వరుసగా అంటించును. ఒక్కొక్క ఒరలో 70 మొదలు 300 వఱకు గ్రుడ్లుండును. అటుపిమ్మట తన పొట్టచివరనున్న పొలుసులను రాల్చి ఆ గ్రుడ్లపై పెంకులవలె కప్పును. దూరమునుండి చూచువారికి అది లేతచిగురువలె కనబడునే గాని గ్రుడ్లని తోపదు. ఐదారు వారములలో గ్రుడ్లు పగిలి చిన్నపురుగులు వెలువడును.

ఈ పిల్లపురుగులు చెదరిపోవు. ఒక తల్లి పిల్లలన్నియు ఒకచోటనే యుండి, దారములు అల్లుకొని, మొదట సూదియాకుల అంచులను మాత్రము గీకి తినును. ఇవి నాలుగుమారులు కుబుసము విడిచి ఐదు దశలుగా పెరుగును. మూడవదశనుండి వీని వీపుపై విషపునూగు ఏర్పడును. దానిని గూర్చి ముందు చెప్పెదము. చలికాలము సమీపించుకొలది ఇవి కొమ్మలచివర, ఎండతగులు దక్షిణదిక్కున, తెల్లని పట్టుతో పెద్దగూడు నిర్మించును. ఆ గూడు మనుష్యుని తలయంత, ఒక్కొక్కప్పుడు అంతకంటె పెద్దదిగా నుండును. ఆకులు పలుచబడిన చెట్లపై ఈ గూళ్లు దూదిమూటలు వ్రేలాడగట్టినట్లు కానవచ్చును.

ఈ గూడే బారుపురుగునకు ప్రాణాధారము. లోకములోని పురుగులలో చాలభాగము చలికాలమున తినుట మాని నిద్రించును. ఇది చలికాలముననే తిని పెరుగును. పగలు గూటిలో గుమిగూడి ఎండవేడిమిని నిలువచేసికొని, రాత్రి వెలుపలికి వచ్చి సూదియాకులను మేసి, తెల్లవారులోపల తిరిగి గూడు చేరును. పగటివేళ గూటిలోని వేడిమి 9 డిగ్రీలకు మించి, ఆ రాత్రి చలి గడ్డకట్టు స్థితికి దిగనియెడల మాత్రమే ఇది మేతకు బయలుదేరునని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఈ రెండు షరతులును వరుసగా పలుదినములు నెఱవేరనిచో పురుగు గూటిలోనే ఆకలిచే నశించును. ఒక పురుగుయొక్క రాజ్యము ఎంతవఱకు వ్యాపింపగలదో ఈ చిన్నలెక్క నిర్ణయించుచున్నది.

బారులు తీరి నడచుట

చలికాలము తుదకు వచ్చుసరికి పురుగు పూర్తిగా పెరిగి యుండును. అప్పుడు గూటిలోని పురుగులన్నియు ఒక్కటిగా చెట్టు దిగి, ఒకదాని వెనుక నొకటిగా, పదులు మొదలు కొన్ని వందలవఱకు ఒకే గొలుసుగా నేలపై నడచును. ఎండతగులు మెత్తని మన్ను దొరకగానే ఆగి, రెండు మొదలు ఎనిమిది అంగుళముల లోతున దూరి, గూడుకట్టుకొని కోశస్థదశ నొందును. వేసవిలో మరల రెక్కలపురుగుగా వెలువడును. కొన్ని మాత్రము ఆ యేట రాక, ఒకటి రెండేండ్లో, అంతకంటె ఎక్కువకాలమో నేలలోనే నిద్రించును. ఒక సంవత్సరము పురుగు కనబడలేదని ఏమఱియుండరాదనుటకు ఇది హేతువు.

ఈ బారునడకను గూర్చి ఫ్రాన్సు దేశపు కీటకశాస్త్రజ్ఞుడగు ఫాబ్రె పండితుడు చేసిన పరీక్ష ప్రసిద్ధము. 1896 సం.రము జనవరి నెలాఖరున ఈయన తోటలోని యొక పెద్దతొట్టి అంచుమీదికి ఈ పురుగుల బారు ఎక్కెను. బారులోని మొదటిపురుగు అంచు చుట్టివచ్చి కడపటిదాని తోకను చేరగానే, ఈయన మిగిలినవానిని తొలగించి, అవి నడచివచ్చిన పట్టుదారిని తుడిచివేసెను. అంతట ఆ వరుసకు మొదలును తుదియు లేకపోయెను. ప్రతిపురుగును తన ముందుదానిని అనుసరించుచు ఆ యంచుమీద తిరుగుచునే యుండెను. రాత్రి చలికి ముడుచుకొనుట, పగలు మరల తిరుగుట, ఇట్లు ఏడుదినములు గడచినవి. వీని ఆహారమగు కొమ్మ దాపుననే యున్నను ఆ యంచును విడువవయ్యెను. పిమ్మట అలసటచే వరుస తెగి, కొన్ని దారితప్పుటచేతనే తక్కినవానికి దిగుదారి దొరకెను.

పక్కవాడు మందు చల్లెను గనుక మేమును చల్లితిమి, ఏ మందో, ఏ పురుగునకో తెలియదు అని చెప్పు రైతులను మేము పలుమారు చూచియుంటిమి. ముందువానిని అనుసరించుట చెడ్డది కాదు. ముందువాడు ఎక్కడికి పోవుచున్నాడో విచారించుట మాత్రము మన విధి.

చెట్టునకు కలుగు నష్టము

ఈ పురుగు పట్టిన చెట్టు ఒక్కమాటుగా చనిపోదు. ఇది చలికాలమున పాత సూదియాకులను తిని, వసంతమున క్రొత్త చిగురు వచ్చునప్పటికి నేలలోనికి పోవును గనుక, చెట్టు ఆ చిగురుతో మరల కోలుకొనును. చలికాలమున అగ్నిచే కమిలినట్లు గోధుమరంగున నిలిచిన తోపు రెండుమూడు నెలలలో పచ్చబడుటను చూచి, నష్టమేమియు లేదని తలచువారుందురు. అది పొరపాటు. సూదియాకు రెండు మూడేండ్లు పనిచేయవలసినదని పైన చెప్పితిమి. ఆ యాకును పోగొట్టుకొన్న చెట్టు ఆ సంవత్సరమున పొడవును లావును పెరుగుట తగ్గిపోవును. కాండమును అడ్డముగా కోసి చూచినచో పురుగు ముమ్మరముగా నున్న యేటి వలయము సన్నగా కనబడును. కలప అమ్మి జీవించువారికి ఇది ఏటికేడు తెలియకుండ జరుగు నష్టము.

లేతమొక్కలకు అపాయము మఱింత ఎక్కువ. ఆకులు కొద్దిగా నుండుటచే ఒకటి రెండు గూళ్లే మొక్కను నగ్నము చేయగలవు. వరుసగా రెండు మూడేండ్లు ఆకులు పోయిన చెట్టునకు అనావృష్టికూడ తోడైనచో దాని బలము క్షీణించును. అట్టి చెట్టును బెరడు తొలుచు పురుగులు పట్టి కూల్చును. అనగా బారుపురుగు తాను చంపకపోయినను, చంపువారికి తలుపు తెఱచును.

తోపునందు అన్ని చెట్లకును ఒకే తీరున పురుగు పట్టదు. అంచులందుండి, ఆకాశమునకు ఎదురుగా స్పష్టముగా కనబడు చెట్లనే తల్లిపురుగు ముందు చేరును. తోపు చుట్టును వెడల్పాటి ఆకులుగల ఇతర వృక్షములను కంచెవలె పెంచినయెడల సరళవృక్షములు మఱుగుపడి, గూళ్లు తగ్గునని ఫ్రాన్సు పరిశోధకులు పరీక్షించి కనుగొనిరి. మన రైతులు వేరుసెనగ చుట్టును జొన్న, సజ్జ సరిహద్దు పంటగా వేయుటలోని ప్రయోజనమును ఎఱిగినవారే కనుక, ఈ మాట వారికి వింతగా తోపదు.

మనుష్యులకును పశువులకును హాని

బారుపురుగును కేవలము చెట్టు శత్రువుగా నెంచరాదు. మూడవదశ దాటిన పురుగు వీపుపై కంటికి ఆననంత సన్ననినూగు లక్షలకొలది యుండును. దానిని కదలించినప్పుడు ఆ నూగు విడిపడి గాలిలో తేలును. దానియందు విషగుణముగల మాంసకృత్తులు కలవు. చర్మమునకు తగిలినచో దద్దురు, మంట. కంటిలో పడినచో వాపు. శ్వాసతో లోపలికి పోయినచో ఆయాసము కలుగును. కొందఱికి ప్రాణాపాయమగు ప్రతిక్రియకూడ సంభవించుట కలదు. కుక్కలు బారును వాసనచూచి నాకినయెడల నాలుక వాచి, కొంతభాగము కుళ్లి ఊడిపోవును. పురుగులు విడిచిపోయిన పాతగూటిలో సైతము ఈ నూగు విషగుణమును కోల్పోక చాలకాలముండును. కావున అచ్చటి తోటలలో గూళ్లను కోయువారు చేతితొడుగులు, ముఖకవచము, కండ్లద్దములు ధరించియే పనిచేయుదురు.

పురుగు ఉత్తరమునకు ప్రాకుట

చలి రాత్రులే ఈ పురుగునకు ఎల్లయని చెప్పితిమి. చలికాలములు క్రమముగా వెచ్చబడుటచే ఆ యెల్ల జరుగుచున్నది. 1972 మొదలు 2004 వఱకు గల కాలములో ఫ్రాన్సునందు పారిసు నగరమునకు దక్షిణముగా నున్న మైదానములలో ఇది 87 కిలోమీటర్లు ఉత్తరమునకు సాగెను. ఇటలీదేశపు ఆల్ప్సు కొండలలో 1975 మొదలు 2004 వఱకు 110 మొదలు 230 మీటర్ల ఎత్తువఱకు పైకి ప్రాకెను. పూర్వము దీని పేరెఱుగని గ్రామములలో నేడిది బడితోటలలోను, ఇండ్లముందరను కనబడుచున్నది.

రెక్కలతో ఎగురుట ఒక్కటియే దీని ప్రయాణసాధనము కాదు. పెద్దచెట్లను వేళ్లమట్టితోగూడ పెకలించి దూరపుపట్టణములలో నాటునప్పుడు, ఆ మట్టిలో నిద్రించుచున్న కోశములును వానితోకూడ ప్రయాణము చేయుచున్నవి. పురుగు సహజముగా ఇంకను చేరని యూళ్లలో అక్కడక్కడ విడిగా కనబడిన గుంపులు ఇట్లు చేరినవే. నారుమొక్కలను, విత్తనములను, మట్టిని దూరప్రదేశములనుండి తెచ్చుకొను రైతులందఱును గమనింపదగిన సంగతి యిది. మొక్కను కొనునప్పుడు ఆకును మాత్రమే చూచుట చాలదు, వేరునంటిన మట్టినికూడ పరీక్షింపవలెను.

ఏ దశయందు ఏ యుపాయము

బారుపురుగు జీవితమును తెలిసికొన్నవారు దానికి నాలుగు తావులయందు ఎదురు నిలుచుచున్నారు.

మొదటిది, వేసవిలో. మన ప్రత్తిరైతులు ఎఱిగిన లింగాకర్షకబుట్టలవంటివానిని కట్టి, ఆడుపురుగు వాసనను పోలిన మందుచేత మగపురుగులను ఆకర్షించి పట్టుదురు. దీనివలన పురుగు రాకను కనిపెట్టవచ్చును. సంఖ్యయు కొంత తగ్గును.

రెండవది, శరత్కాలమున. పిల్లపురుగులు చిన్నవిగానుండి, విషపునూగు మొలవక పూర్వము, బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవినుండి తయారైన మందును చల్లుదురు. ఇది 1901 సం.రమున జపానునందు పట్టుపురుగులలోను, 1911 సం.రమున జర్మనీయందు పిండిపురుగులలోను కనుగొనబడినది. మన దేశమున 2002 సం.రమునుండి సాగగుచున్న బి.టి. ప్రత్తిలోని బి.టి. యన్నది దీని పేరే. ఇది తిన్న గొంగళియే చచ్చును. మనుష్యులకును పక్షులకును హానిచేయదు. పురుగు ఎదిగిన పిమ్మట దీని శక్తి తగ్గును. ఇక్కడ మన వారికొక హెచ్చరిక. పట్టుపురుగుకూడ గొంగళియే. హిందూపురము మొదలగు తావులలో మల్బరీతోటల సమీపమున ఈ మందును చల్లరాదు.

మూడవది, చలికాలమున. అందుబాటులోనున్న గూళ్లను కొమ్మతోసహా కోసి నాశనముచేయుదురు. చలికాలాంతమున, పురుగులు దిగకముందే, మ్రాను చుట్టును పట్టీ బిగించి దానికొక గొట్టమును, మట్టినింపిన సంచిని అమర్చుదురు. దిగివచ్చు బారు ఆ గొట్టముద్వారా సంచిలోనికే పోయి, అదియే నేల యని భ్రమించి అందులో గూడుకట్టుకొనును. పిమ్మట సంచిని తీసి నాశనముచేయుట సులభము.

నాలుగవది, సంవత్సరమంతయు. ప్రకృతిలో దీనికి శత్రువులు కలవు. కొన్ని సన్నని కందిరీగజాతి పురుగులు దీని గ్రుడ్లలో తమ గ్రుడ్లను పెట్టును. రామదాసుపిట్టయంత చిన్నపక్షులు గూళ్లను చీల్చి పురుగులను తినును. వానికై అచ్చటివారు చెట్లకు కఱ్ఱగూళ్లు కట్టి ఆశ్రయ మిచ్చుచున్నారు. తలపై విసనకఱ్ఱవంటి కుచ్చును, పొడవాటి ముక్కునుగల పక్షి నేలను త్రవ్వి కోశములను ఏరి తినును. ఆ పక్షి మన పొలములలోకూడ తిరుగునదే.

ఒకని శ్రమ చాలకుండుట

ఇన్ని యుపాయములున్నను పురుగు ఇంకను ఏల యుండవలెనని చదువరులు అడుగవచ్చును. తల్లిపురుగు గాలిలో కొన్ని కిలోమీటర్లు ఎగురగలదు. ఒక యజమాని తన తోపులోని గూళ్లన్నింటిని కోసివేసి, పొరుగువాడు ఊరకున్నచో, వేసవిలో పొరుగుతోపునందు పుట్టిన తల్లులు వచ్చి మొదటివాని చెట్లపైననే గ్రుడ్లుపెట్టును. మొదటివాని డబ్బును శ్రమయు పోవును. మఱుసటియేట అతడును విసిగి మానివేయును. ఇట్లు ఒకని సోమరితనము ఊరివారందఱి సోమరితనమగును.

ఈ కారణముచేతనే ఫ్రాన్సు ప్రభుత్వము 2022 సం.రము ఏప్రిలునందు ఈ పురుగును, ఓకుచెట్టును తిను దీని బంధువును, ప్రజారోగ్యమునకు హానికరములగు జాతులుగా ప్రకటించెను. అందుచే జిల్లాధికారులు నివారణచర్యలకు ఉత్తరువు లొసగు అధికారము కలిగినది. చట్టము చేయు పనిని సహకారము ముందే చేసియున్నచో చట్టముతో నిమిత్తమే లేకుండెడిది.

మన యెఱ్ఱగొంగళిపురుగు

ఇక మన పొలములకు వత్తము. వేరుసెనగ, ఆముదము మొదలగు పైరులను తిను ఎఱ్ఱగొంగళిపురుగును మెట్టరైతు లందఱును ఎఱుగుదురు. దీని తల్లి తెల్లని రెక్కలు, వానిపై గోధుమరంగు చారలు, తలవద్ద పసుపుపట్టీ గల రెక్కలపురుగు. వేసవియంతయు గట్లలోను, చెట్లక్రింది మన్నులోను కోశస్థదశలో నిద్రించి, తొలకరి పెద్దవాన పడిన కొద్దిదినములలో గుంపుగా వెలువడును. ఒక్కొక్కతల్లి ఆకుల అడుగున గుంపులుగుంపులుగా వందలకొలది గ్రుడ్లు పెట్టును. మూడునాలుగు దినములలో పిల్లలు పుట్టి, మొదట ఒకచోటనే యుండి ఆకు పచ్చదనమును గీకి జల్లెడవలె చేయును. పెరిగిన పిమ్మట చెదరి, ఒక చేను ముగించి మఱియొక చేనికి దండువలె నడచిపోవును. నాలుగైదు వారములు తిని, మరల నేలలో దూరి మఱుసటి తొలకరివఱకు నిద్రించును.

బారుపురుగుతో దీని పోలిక స్పష్టము. రెండును నేలలో నిద్రించును. రెండును బాల్యమున గుంపుగా నుండును. రెండును ఎల్ల లెఱుగక నడచును. భేద మొక్కటి కలదు. సరళవృక్షము మఱుసటి వసంతమున చిగిర్చి కొంత కోలుకొనును. మొలకదశలోని వేరుసెనగను తినివేసినచో రైతు మరల విత్తవలసివచ్చును. ఆ విత్తనముల ఖర్చెంతయో, అదను తప్పిన పైరు ఫలిత మెట్లుండునో సభ్యులకు మేము చెప్పనక్కఱలేదు. కావున మనకు గల వ్యవధి బహుస్వల్పము.

ఆ స్వల్పకాలమున చేయవలసినవి యివి. వేసవిదుక్కులు లోతుగా దున్ని, గట్లపక్కలను త్రవ్వినచో కోశములు బయటపడి ఎండకును పక్షులకును పాలగును. తొలకరివాన పడిన మఱునాటినుండి కొన్నిరాత్రులు, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట మూడునాలుగు గంటలసేపు, దీపపుటెరలనో మంటలనో పెట్టవలెను. మంటలను గడ్డివాములకును ఇండ్లకును దూరముగా, మనిషిని కాపుంచియే వేయవలెను. దీపముక్రింద నీళ్లతొట్టి యుంచి, పడిన పురుగులను చంపవలెను. లేనిచో దీపమునకు వచ్చిన తల్లులు ఆ చేనిలోనే గ్రుడ్లుపెట్టును. ఆకుల అడుగున గ్రుడ్లగుంపులను, జల్లెడవలె నైన ఆకులను పిల్లపురుగులతోసహా ఏరి నాశనముచేయవలెను. పురుగు నడక ప్రారంభించినచో చేను చుట్టును నిట్రమైన అంచుగల లోతుచాళ్లు తీసి, వానిలో జిల్లేడు, అడవియాముదము కొమ్మలను పఱచినయెడల పురుగులు వానికి చేరి చాలులో చిక్కును. మందు వాడవలసివచ్చినచో వ్యవసాయశాఖవారి సలహాను గైకొని, పురుగు చిన్నదిగా నున్నప్పుడే వాడవలెను. ఎదిగినదానిపై చల్లిన మందు చాలవఱకు వ్యర్థము. వానకాలముతో వచ్చు చాతకపక్షి నూగుపురుగులను ప్రీతితో తినును. దానిని ఎవ్వరును కొట్టరాదు.

సంఘము చేయదగిన పని

పై పనులలో ఏ యొక్కటియు అధికధనముతో కూడినది కాదు. కాని ప్రతియొక్కటియు ఒకేసమయమున ఊరంతయు చేసినప్పుడే ఫలించును. పదిమంది దీపములు పెట్టి తొంబదిమంది పెట్టకున్నచో, తొంబది చేలలోని పురుగు పదిచేలను మరల చేరును. గట్లును, దారులపక్కభూమియు, బంజరును ఎవ్వరివియు కావని వదలినచో పురుగు అచ్చటనే నిద్రించును.

కావున రోహిణికార్తె వెళ్లకముందే ప్రతిగ్రామమునందును సభ్యులు ఒకదినము సమావేశమై మూడు సంగతులను నిర్ణయించుకొనవలెనని మేము కోరుచున్నాము. గట్లను, బంజరును త్రవ్వుటకు ఏ యే వీథివారు ఏ యే భాగమును తీసికొనవలెను? వాన పడిన రాత్రి దీపములు పెట్టుమని ఊరిలో చాటించు పూచీ ఎవ్వరిది? గ్రుడ్లగుంపులను ఏరుటకు ఏ దినములలో ఇంటికొక మనిషి రావలెను? సంఘమువారు దీపపుటెరలను ఉమ్మడిగా కొని సభ్యులకు వంతులవారీగా ఇచ్చినయెడల ఒక్కొక్కనిపై పడు ఖర్చు స్వల్పము. సభ్యులు కాని రైతుల పొలములనుకూడ ఈ పనిలో చేర్చుకొనవలెను. పురుగునకు సభ్యుడెవ్వడో, కానివాడెవ్వడో తెలియదు గదా.

ఫ్రాన్సునందలి తోపుల యజమానులకు అనుభవము నేర్పిన పాఠము ఇదియే. చెట్టు ఒకనిది, చేను ఒకనిది కావచ్చును. పురుగుమాత్రము ఊరందఱిది. దానిని ఎదుర్కొను పనియు ఊరందఱిదే కావలెను.